తవ్వి తెచ్చిన మట్టంతా కుండవుతుందా?

ఎండాకాలంలో చెరువు అడుగు బయటపడగానే గడ్డపారతో నాలుగు పెళ్లలు తవ్వడం, నానబెట్టడం, గుడ్డలో వడగట్టడం, కప్పో గిన్నో చేసి పెరట్లో మంటపెట్టి కాల్చేయడం. ఫోన్లలో తెగ తిరుగుతున్న ఒక రకం వీడియోల కథంతా ఇంతే. దీనికి ‘వైల్డ్ క్లే’ అని పేరు పెట్టారు. షాపులో ప్యాకెట్టుగా అమ్మే మట్టి కాకుండా, చుట్టుపక్కల నేలలోంచి మనమే సేకరించుకున్న మట్టి అన్నమాట. మన కుమ్మరులు తరతరాలుగా చేస్తున్నది ఇదే కదా, కొత్తేముంది అని కొందరంటారు. అలా చేసిన గిన్నెలో తింటే ఒంట్లోకి సీసం పోతుందని కొందరు భయపెడతారు. ప్రకృతి ఇచ్చింది కాబట్టి ఏమీ కాదని ఇంకొందరు భరోసా ఇస్తారు.

ముగ్గురూ ఎంతో కొంత నిజమే చెబుతున్నారు. నాలుగు వేరువేరు ప్రశ్నల్ని ఒకే ప్రశ్నగా కలిపేయడం వల్లే ఈ గందరగోళం. ఈ మట్టి చేతిలో ఆకారానికి వస్తుందా? వచ్చాక మంటకు నిలుస్తుందా? నిలిచాక అందులో వండుకుని తినొచ్చా? అసలు ఆ మట్టి తవ్వే హక్కు ఎవరిది? ఒకదానికి అవునన్నంత మాత్రాన రెండోదానికి అవునని కాదు. ప్రమిదకు బంగారంలా పనికొచ్చే మట్టి పులుసు గిన్నెకు పనికిరాకపోవచ్చు.

గ్రానైటు గుట్ట నుంచి చెరువు కట్ట దాకా

తెలంగాణ, రాయలసీమల్లో చాలా మేరకు నేల కింద ఉన్నది గ్రానైటు, దాని జాతికే చెందిన నీస్ రాళ్లు. గ్రానైటులో ప్రధానంగా ఉండేవి క్వార్ట్జ్, ఫెల్‌స్పార్, అభ్రకం. యుగాల తరబడి వాన నీరు తగిలి ఫెల్‌స్పార్ శిథిలమవుతుంది, రసాయనికంగానే మారిపోయి బంకమట్టి ఖనిజం అవుతుంది. క్వార్ట్జ్ మాత్రం అంత తేలిగ్గా లొంగదు, పగిలి ఇసుకగా మిగులుతుంది. ఒకే గుట్టలోంచి ఇసుకా బంకమన్నూ రెండూ వస్తాయి.

వీటి మధ్య తేడా ముఖ్యంగా రేణువు సైజులో ఉంది. సుమారు 0.05 మిల్లీమీటర్ల కన్నా పెద్దది ఇసుక. 0.002 మిల్లీమీటర్ల కన్నా, అంటే 2 మైక్రాన్ల కన్నా చిన్నది బంకమట్టి. ఈ రెంటి మధ్య ఉన్నది ఒండ్రు. బంకమట్టి రేణువులు గుండ్రంగా ఉండవు, పలకల్లా చదునుగా ఉంటాయి. వాటి మధ్య సన్నని నీటి పొర చేరితే పేకముక్కల్లా ఒకదాని మీద ఒకటి జారుతూనే అతుక్కుని ఉంటాయి. నొక్కితే వంగి, వదిలేస్తే వంగిన చోటే నిలవడం మట్టికి ఇలాగే వస్తుంది. ఇసుకకు ఈ గుణం లేదు.

రాయి శిథిలమైన చోటే ఉండిపోయిన మట్టి సాధారణంగా తెల్లగా, శుభ్రంగా ఉంటుంది, కానీ జిగురు తక్కువ. పింగాణీకి వాడే కయోలిన్ ఈ కోవలోదే. వాగులో కొట్టుకుపోయి ఎక్కడో చేరిన మట్టి దారిలో మరింత నలిగి సన్నబడుతుంది, ఇనుమునూ కుళ్లిన ఆకునూ కలుపుకుంటుంది. రంగు మారినా జిగురు పెరుగుతుంది. చెరువు మట్టి ఈ రెండో రకం.

చెరువులో కూడా అంతటా ఒకే మట్టి ఉండదు. వాగు వచ్చి చెరువులో కలిసేచోట నీటి వేగం తగ్గగానే ముందు ఇసుక దిగిపోతుంది. తేలికైన సన్న రేణువులు కట్ట వైపు, లోతు ఎక్కువున్న చోటికి వెళ్లి నిదానంగా అడుగు చేరతాయి. అందుకే వాగు మూతి దగ్గర తవ్వినవాడికి ఇసుకమన్నూ, కట్ట దగ్గర లోతట్టున తవ్వినవాడికి వెన్నలాంటి మన్నూ దొరుకుతాయి. ఒకే చెరువు మట్టి గురించి ఇద్దరు రెండు రకాలుగా చెబితే ఎవరూ అబద్ధమాడినట్టు కాదు. పాకాల, రామప్ప, లక్నవరం లాంటి కాకతీయుల కాలపు చెరువులకైనా, మీ ఊరి చిన్న కుంటకైనా ఈ లెక్క మారదు.

ఇక్కడొక చిక్కుంది. తెలంగాణలో 2015లో మొదలైన మిషన్ కాకతీయలో 46 వేలకు పైగా చెరువుల్ని బాగుచేయాలని పెట్టుకున్నారు. పూడిక మట్టిని రైతులు పొలాలకు తోలుకున్నారు. పొలానికి మంచిదైన పూడిక కుండకూ మంచిదే అనుకుంటే పొరపాటు. పొలానికి కావాల్సింది కుళ్లిన సేంద్రియ పదార్థం, ఒండ్రు. కుండకు కావాల్సింది బంక. సేంద్రియ పదార్థం కొద్దిగా ఉంటే మట్టి సాగడానికి మంచిదే. ఎక్కువైతే కాల్చేటప్పుడు పూర్తిగా కాలక, కుండ గోడ మధ్యలో నల్ల చారగా ఉండిపోతుంది. పగిలిన పెంకును అడ్డంగా చూస్తే పైన ఎరుపు, లోపల బొగ్గు రంగు కనిపించేది ఇందుకే.

నల్లరేగడి ఎందుకు మోసం చేస్తుంది

తడిపిన నల్లరేగడిని చేతిలోకి తీసుకుంటే కుండకు ఇంతకన్నా మంచి మట్టి ఉండదనిపిస్తుంది. అంత జిగురు. చేసిన గిన్నె మర్నాటికి మూడు ముక్కలై ఉంటుంది.

కారణం ఆ జిగురులోనే ఉంది. బంకమట్టి ఖనిజాల్లో చాలా రకాలున్నా మనకు ముఖ్యమైనవి మూడు: కయోలినైట్, ఇల్లైట్, స్మెక్టైట్. కయోలినైట్ పొరల మధ్యకు నీరు చొరబడలేదు, పైన మాత్రమే అంటుకుంటుంది. స్మెక్టైట్ పొరల మధ్యకే నీటిని లాక్కుని ఉబ్బుతుంది, ఎండితే అంతా కుంచించుకుపోతుంది. నల్లరేగడిలో ఎక్కువగా ఉన్నది ఇదే. వేసవిలో పత్తి చేలల్లో చెయ్యి దూరేంత నెర్రెలు పడేది దీనివల్లే. అమెరికాలో డల్లాస్ వైపు స్థిరపడిన తెలుగువాళ్లకు ఇల్లు కొనగానే పట్టుకునే ఫౌండేషన్ టెన్షన్ కూడా ఇలాంటిదే. అక్కడి ‘హ్యూస్టన్ బ్లాక్’ నేల మన నల్లరేగడి జాతిదే, ఉబ్బి కుంగే నేల.

ఎర్ర చెల్కల సమస్య దీనికి ఉల్టా. వాటిలోని బంకలో కయోలినైట్ పాలు ఎక్కువ కాబట్టి పగుళ్లు తక్కువే. కానీ ఇసుక మరీ ఎక్కువ, చేతిలో నిలవదు. కడిగి ఇసుక తీసేస్తే మిగిలేది కొంచెమే అయినా, ఆ కొంచెం మంచి రంగునిస్తుంది. కుండల మీద పూసే ఎర్రమన్ను పూత ఈ సన్న మట్టే. చవుడు నేల మట్టిలో నీటిలో కరిగే లవణాలుంటాయి. ఆరేటప్పుడు నీటితోపాటు పైకి వచ్చి, నీరు ఆవిరైపోయాక తెల్లటి పొరగా మిగులుతాయి. కాల్చాక ఆ తెలుపు గీకినా పోదు.

కాబట్టి కుమ్మరులు ఒకే మట్టిని నమ్ముకోవడం అరుదు. జిగురు మట్టికి ఇసుక మట్టిని కలుపుతారు, లేదా బూడిద, ఊక, గుర్రపు లద్దె, పాత పెంకుల పొడి లాంటివి చేరుస్తారు. ఇసుకా పెంకుల పొడీ కుంచించుకుపోవు కాబట్టి మొత్తం మీద కుదింపు తగ్గుతుంది. పైగా లోపలి తడి బయటికి రావడానికి దారులు ఏర్పడతాయి. ఊక, లద్దె మంటలో కాలిపోయి ఖాళీలు మిగులుస్తాయి. దీన్నే చివరి దాకా లాగితే రామప్ప గుడి గోపురం ఇటుకల దగ్గరికి చేరతాం. నీటిలో తేలే ఇటుకలుగా పేరుపడ్డవి లోపలంతా సన్న రంధ్రాలతో నిండిన కాల్చిన మట్టే. 2021లో ఆ గుడికి యునెస్కో గుర్తింపు వచ్చినప్పుడు ఈ తేలికపాటి ఇటుకల ప్రస్తావన కూడా ఉంది.

ల్యాబు లేకుండా తెలిసేవి, తెలియనివి

మట్టిని అంచనా వేయడానికి ఇంట్లో చేసుకునే పరీక్షలు కొన్నున్నాయి. ఏది ఎంతవరకు చెబుతుందో తెలిసి చేసుకుంటే బాగానే పనికొస్తాయి.

గాజు సీసాలో మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు పోసి బాగా కుదిపి పెట్టండి. 10 సెంటీమీటర్ల లోతు దిగడానికి ఇసుకకు నిమిషం కూడా పట్టదు. ఒండ్రు ఆ తర్వాత గంటల్లో దిగుతుంది. 2 మైక్రాన్ల రేణువు అంత లోతు దిగడానికి 7 నుంచి 8 గంటలు పడుతుంది, అంతకన్నా సన్నవి మర్నాటికీ నీటిని కలకగానే ఉంచుతాయి. పొరల మందం చూస్తే పాళ్లు తెలుస్తాయి. ఉజ్జాయింపుగానే సుమా, అడుగున చేరిన బంకమన్ను చాలా నీటిని పట్టుకుని ఉబ్బుగా ఉంటుంది కాబట్టి ఉన్నదానికన్నా ఎక్కువ కనిపిస్తుంది.

రెండోది చేతి పరీక్ష. ముద్దను పెన్సిలంత లావు తాడుగా చేసి వేలికి చుట్టాలి. విరిగితే జిగురు చాలదు. సన్నని నెర్రెలతో ఆగితే ఏదో ఒకటి కలిపి లాక్కురావచ్చు. ఒక్క గీతా పడకుండా చుట్టుకుంటే బంక బాగా ఉందని అర్థం. అదే సమయంలో అనుమానించాల్సిన సందర్భం కూడా, ఎందుకంటే అంత జిగురున్నది బాగా కుదించుకుపోయే అవకాశం ఎక్కువ.

ఆ కుదింపును కొలవొచ్చు. తడి మట్టిని పట్టీగా చేసి, దాని మీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీయాలి. ఆరాక ఆ గీత 9.3 సెంటీమీటర్లు ఉందనుకుందాం, కుదింపు 7 శాతం. కాల్చాక 9.2 అయితే మొత్తం 8 శాతం. ఇప్పుడు కాల్చిన తర్వాత 20 సెంటీమీటర్ల వెడల్పు ఉండే మూకుడు కావాలంటే, 20ని 0.92తో భాగించాలి. 21.7 వస్తుంది, తడిలో అంత వెడల్పు చేయాలి. వెడల్పులో 8 శాతమేగా అనుకుంటాం కానీ లోపల పట్టే పరిమాణం మూడు వైపులా తగ్గుతుంది. 0.92ని మూడుసార్లు గుణిస్తే 0.78. తడిలో లీటరు పట్టే చెంబు కాల్చాక 780 మిల్లీలీటర్లే పడుతుంది. పాలు, పెరుగు కొలతకు ముంతలు చేసేవాళ్లు తడి మట్టిని ఈ లెక్కతోనే పెద్దగా చేయాలి.

10, 12 శాతం కుదింపు ఉన్న మట్టికి ఇసుకను పదో వంతు, ఐదో వంతు, మూడో వంతు చొప్పున కలిపి వేరువేరు పట్టీలు చేసి చూస్తే ఎక్కడ ఆపాలో తెలిసిపోతుంది. ఇసుక పెరిగే కొద్దీ పగుళ్లు తగ్గుతాయి, తాడు పరీక్ష ఫెయిలవడం మొదలవుతుంది. ఈ రెంటి మధ్య ఆగాలి.

ఈ పరీక్షల్లో ఏదీ ఆ మట్టిలో ఏ లోహాలున్నాయో చెప్పదు. దాని సంగతి తర్వాత.

మంటలో ఏం జరుగుతుంది

ఆరిన మట్టి, కాలిన మట్టి చూడ్డానికి ఒకేలా ఉన్నా రసాయనికంగా వేరు. ఆరిన బొమ్మను బకెట్లో వేస్తే మళ్లీ బురదవుతుంది. మట్టి వినాయకుడు నిమజ్జనంలో కరిగేది కాల్చలేదు కాబట్టే. కాల్చిన మట్టి వేల ఏళ్లకూ కరగదు. మన ఊళ్ల పాటిగడ్డల మీద ఇప్పటికీ బయటపడే పెంకులే సాక్ష్యం.

తేడా ఎక్కడ వస్తుంది? 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మిగిలిన తడి ఆవిరవుతుంది. పైకి ఆరినట్టున్నా గోడ లోపల తడి ఉంటే, వేడి ఒక్కసారిగా పెరిగితే ఆ ఆవిరి బయటికి దారిలేక కుండను పేల్చేస్తుంది. కుమ్మరికి ఏడాది, గుదియకు ఒక పెట్టు అన్నారు. ఇక్కడ గుదియ కూడా అక్కర్లేదు, తొందరపాటు చాలు. తర్వాత సేంద్రియ పదార్థం కాలుతుంది. సుమారు 450 నుంచి 600 డిగ్రీల మధ్య అసలు మార్పు వస్తుంది: ఖనిజం నిర్మాణంలోనే బిగించి ఉన్న నీరు విడిపోతుంది. స్వచ్ఛమైన కయోలినైట్ ఇక్కడ తన బరువులో దాదాపు 14 శాతం కోల్పోతుంది. మామూలు నీళ్లు పోసినంత మాత్రాన ఇక అది బురద కాదు. 573 డిగ్రీల దగ్గర క్వార్ట్జ్ స్ఫటికం తన రూపు మార్చుకుని ఉన్నట్టుండి వ్యాకోచిస్తుంది. చల్లారేటప్పుడు అక్కడే తిరిగి కుంచించుకుంటుంది. ఆవాన్ని, అంటే కుండలు కాల్చే బట్టీని, ఆత్రంగా విప్పితే కుండలు టప్పున పగలడానికి ఇదొక కారణం.

ఊరి కుమ్మరి ఆవంలో పిడకలు, కట్టెలు, గడ్డితో వచ్చే వేడి సాధారణంగా 600 నుంచి 900 డిగ్రీల మధ్య. ఆ వేడికి రేణువులు అంచుల దగ్గర అతుక్కుంటాయి, మధ్యలో ఖాళీలు మిగులుతాయి. 1,100 డిగ్రీల లోపు కాల్చి, రంధ్రాలతో ఉండేదాన్ని ఎర్థన్‌వేర్ అంటారు. 1,200 నుంచి 1,300 డిగ్రీల మధ్య కాల్చి, లోపల కొంత గాజులా కరిగి ఖాళీలు పూడుకుపోయినది స్టోన్‌వేర్. తెల్లని కయోలిన్‌తో ఇంకా శుభ్రంగా, దాదాపు అంతే వేడిలో లేదా అంతకు మించి కాల్చి, పలుచటి గోడ గుండా వెలుగు కనిపించేంతగా గట్టిపడ్డది పింగాణీ.

మరి చెరువు మట్టినే 1,250 డిగ్రీలు కాల్చేస్తే స్టోన్‌వేర్ అయిపోతుందా? చాలావరకు కాదు. ఇనుము, కాల్షియం, పొటాషియం లాంటివి మట్టిని తక్కువ వేడికే కరిగిస్తాయి. మన ఎర్రగా కాలే మట్టిలో ఇవి దండిగా ఉన్నాయి. ఎలక్ట్రిక్ కొలిమిలో ఆ వేడికి పెడితే గిన్నె కుంగి, బుడగలెత్తి, ట్రే మీద గోధుమరంగు ముద్దగా మిగలొచ్చు. అది చెడ్డ మట్టి కాదు, తన హద్దు దాటిన మట్టి. కొత్త మట్టిని తొలిసారి కాల్చేటప్పుడు అనుభవం ఉన్నవాళ్లు చిన్న బిళ్లను పాత మూకుడులో పెట్టి కాలుస్తారు, కొలిమి పాడవకుండా.

దీనికి జపాన్‌లోని బిజెన్ ఒక మంచి మినహాయింపు. అక్కడి కుమ్మరులు వరి మళ్ల అడుగు నుంచి తీసిన, ఇనుమూ సేంద్రియ పదార్థమూ ఉన్న జిగురు మట్టినే వాడతారు. గ్లేజు, అంటే కుండ మీద కరిగి పట్టుకునే గాజు పూత, వేయరు. కానీ ఆ మట్టి వేడి త్వరగా పెంచితే తట్టుకోదు కాబట్టి రోజుల తరబడి, ఒక్కోసారి రెండు వారాల దాకా నెమ్మదిగా కాలుస్తారు. మట్టి ఏం భరిస్తుందో చూసుకుని మంటను మార్చుకున్నారు.

రంగు సంగతి ఒక్క మాటలో. గాలి బాగా ఆడితే ఇనుము ఎర్రబడుతుంది. గాలి మూసేసి పొగ పట్టిస్తే అదే మట్టి నల్ల కుండవుతుంది. ఇనుప యుగపు రాకాసి గుళ్లలో, అంటే పెద్ద బండరాళ్ల సమాధుల్లో, దొరికే నలుపు ఎరుపు పాత్రల మీద ఈ రెండూ ఒకేచోట కనిపిస్తాయి.

తెల్ల చుక్క వెనక ఉన్న సున్నం

కాల్చిన ప్రమిద చక్కగా ఉంటుంది. మూడు నాలుగు రోజుల తర్వాత చూస్తే అంచున ఒక పెచ్చు ఊడి, చిన్న గుంటలో ఆవగింజంత తెల్ల చుక్క కనిపిస్తుంది. వేలితో తాకితే పొడిగా రాలుతుంది. ఎవరూ కింద పడేయలేదు. మట్టిలో ఉన్న సున్నపు రాయి చేసిన పని అది.

మన నల్ల నేలల్లో, చెరువు అడుగుల్లో కాల్షియం కార్బొనేట్ గడ్డలు మామూలే. నత్తగుల్ల ముక్కలు కూడా అదే పదార్థం. సుమారు 800 డిగ్రీలు దాటితే అది బొగ్గుపులుసు వాయువును వదిలేసి పొడి సున్నంగా మారుతుంది. చల్లారాక గాలిలోని తేమను పీల్చి తడి సున్నమవుతుంది. ఆ మార్పులో దాని పరిమాణం దాదాపు రెట్టింపవుతుంది. గట్టిపడ్డ మట్టి గోడ మధ్యలో అంత ఉబ్బితే పెచ్చు లేవక ఏమవుతుంది?

ముందే కనిపెట్టాలంటే ఎండిన మట్టి మీద నిమ్మరసమో వెనిగరో పోసి బుస్సుమంటుందేమో చూడాలి. నురగ వచ్చినంత మాత్రాన ఆ మట్టి వదిలేయనక్కర్లేదు, గడ్డ ఎంత పెద్దదన్నదే అసలు విషయం. సన్నగా అంతటా కలిసిపోయిన సున్నం హాని చేయదు సరికదా, రంగును కాస్త లేతగా మారుస్తుంది, అంతే. పెద్ద గడ్డలే ప్రమాదం. మట్టిని నీళ్లలో పలుచగా కలిపి సన్న జల్లెడ పడితే అవి పోతాయి. సున్నం ఏర్పడే వేడికి చేరకుండానే కాల్పు ఆపేయడం ఇంకో దారి, తక్కువ వేడి ఆవాలకు ఈ విషయంలో కలిసొచ్చింది అదే. మట్టిలో కొద్దిగా ఉప్పు కలపడం పాత పద్ధతి. ఆవంలోంచి తీసిన వెంటనే నీళ్లలో పూర్తిగా ముంచి ఉంచడం మరోటి. సున్నం నెమ్మదిగా కాకుండా ఒకేసారి తడిసి, మెత్తబడి రంధ్రాల్లోకి సర్దుకుంటుంది.

అందులో వండుకుని తినొచ్చా

ఎక్కువ తగవులు ఇక్కడే. మూడు భయాలను విడదీసి చూడాలి.

మొదటిది రంధ్రాలు. కాల్చిన గిన్నెను ఎండబెట్టి తూస్తే 200 గ్రాములు, రాత్రంతా నానబెట్టి పైన తుడిచి తూస్తే 230 గ్రాములు ఉందనుకోండి. అది 15 శాతం నీరు పీలుస్తోంది. స్టోన్‌వేర్ అయితే ఇది చాలా తక్కువ ఉంటుంది. ఇదే గుణం మంచినీళ్ల కుండకు వరం. 10 లీటర్ల కుండ గోడల గుండా 100 మిల్లీలీటర్లు ఆవిరైతే, గ్రాముకు సుమారు 2,400 జౌళ్ల చొప్పున 240 కిలోజౌళ్ల వేడి పట్టుకుపోతుంది. 10 లీటర్ల నీటిని ఒక డిగ్రీ చల్లబరచడానికి దాదాపు 42 కిలోజౌళ్లు తీయాలి. అంటే బయటి వేడి లోపలికి రాకపోతే ఆ కాస్త నీరే 5 నుంచి 6 డిగ్రీలు తగ్గించగలదు. విజయవాడ మే నెలలో బయటి వేడి రాకుండా ఎలా ఉంటుంది, కాబట్టి అంత తగ్గదు, అది వేరే మాట. గాలిలో తేమ ఎక్కువైతే ఆవిరే తక్కువవుతుంది. నెల్లూరులో కన్నా అనంతపురంలో కుండ బాగా చల్లబరచడానికి కారణం ఇదే.

అదే గుణం పులుసు గిన్నెకు ఇబ్బంది. నూనె, పులుపు, వాసన గోడల్లోకి దిగుతాయి, సరిగ్గా ఆరబెట్టకపోతే బూజు పడుతుంది. కొత్త కుండను నానబెట్టి, గంజో బియ్యం కడిగిన నీళ్లో పోసి కాచే అలవాటు ఊరికే రాలేదు. ఆ పిండి పదార్థం రంధ్రాల్లో చేరి పూడుస్తుంది.

రెండోది సీసం. దీని మీద భయం సమంజసమే, కానీ గురి తప్పుతోంది. సీసం ఎక్కువగా వచ్చేది మట్టిలోంచి కాదు, పైన వేసే గ్లేజులోంచి. అడవి మొక్కల బూడిద, మట్టి కలిపి చేసే గ్లేజులు కరగాలంటే 1,200 డిగ్రీలు దాటాలి. మన చెరువు మట్టి చాలావరకు అక్కడిదాకా నిలవదు. తక్కువ వేడికి కరగాలంటే ఏదో ఒకటి చేర్చాలి, సీసం ఆక్సైడు 888 డిగ్రీలకే కరుగుతుంది. అందుకే ప్రపంచంలో చాలాచోట్ల తక్కువ వేడి కుండల మీద మెరుపుకు సీసాన్నే వాడారు. సరిగ్గా కాలని సీసపు గ్లేజు మీద చింతపండు పులుసు, పెరుగు, నిమ్మరసం పడితే ఆ ఆమ్లానికి సీసం కరిగి కూరలోకి వస్తుంది. ఇప్పుడు బోరాన్ ఆధారంగా సీసం లేని గ్లేజులు దొరుకుతున్నాయి. గ్లేజే లేని ఎర్ర కుండకు ఈ భయం దాదాపు వర్తించదు. పెయింటు, వార్నిషు వేసి మెరిపించిన కుండలది వేరే సంగతి. అవి చూసుకోవడానికే.

మూడో భయం మట్టి తవ్విన చోటు. పటాన్‌చెరు పారిశ్రామికవాడ చుట్టుపక్కల చెరువులు, నక్కవాగు దశాబ్దాలుగా ఫ్యాక్టరీ వ్యర్థాలతో పాడయ్యాయి. అలాంటి చోట అడుగు మట్టిలో లోహాలు చేరి ఉంటాయి. కాల్చితే క్రిములు చస్తాయి, సేంద్రియ విషాలు చాలావరకు కాలిపోతాయి. లోహాలు కాలిపోవు. కొంత ఆ గట్టి పదార్థంలో బందీ అవుతాయి, తక్కువ వేడికి కాల్చిన కుండలో ఎంత బందీ అయిందో చూసి చెప్పలేం. అక్కడ ల్యాబు పరీక్ష తప్ప దారిలేదు. ఫ్యాక్టరీ, చెత్తకుప్ప, రంగులేసిన విగ్రహాల నిమజ్జనం, బిజీ హైవే వీటికి దూరంగా ఉన్న మట్టి మీద ఇంత అనుమానం అక్కర్లేదు.

ఇక మట్టికుండ వంటతో రోగాలన్నీ పోతాయనే ప్రచారం. నెమ్మదిగా వేడెక్కడం, తడి నిలవడం వల్ల రుచి మారడం నిజమే, పప్పు వండి చూస్తే ఎవరికైనా తెలుస్తుంది. కాలిన మట్టి చాలావరకు కరగని సిలికేటు. అది మందులా పనిచేస్తుందనడానికి దాని రసాయనంలో నాకు ఆధారం కనిపించదు. విషమనడానికీ కనిపించదు.

కలపాలా, కలపకూడదా

వైల్డ్ క్లే చేసేవాళ్లలోనే ఒక తగువుంది. ఒక చోటి మట్టిని ఆ చోటి మట్టిగానే వాడాలి, బయటి కయోలినో ఫెల్‌స్పారో కలిపితే ఇంకేం మిగిలింది అనేది ఒక పక్షం. మట్టి చోటు గుర్తు పోతే ప్యాకెట్టు మట్టికీ దీనికీ తేడా ఏంటని వాళ్ల వాదన. పగిలేదాన్ని, కారేదాన్ని స్వచ్ఛమని పిలిచి అమ్మడం కొనేవాడికి అన్యాయం కదా అనేది రెండో పక్షం.

చరిత్ర చూస్తే రెండో పక్షానికే బలం ఎక్కువ. కుమ్మరులు కలుపుతూనే వచ్చారు. అమెరికాలో నార్త్ కరోలినాలోని కటాబా లోయ కుమ్మరులు వాగు ఒడ్డు మట్టితో పెద్ద జాడీలు చేసి, బూడిద, గాజు పొడితో చేసిన గ్లేజు పూశారు, అక్కడా సొంత నేలను సర్దుబాటు చేసుకోవడమే. పుదుచ్చేరిలో 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ దక్షిణాదిన స్టోన్‌వేర్‌కు బడి లాంటిదైంది. ఆ వేడి తట్టుకునే బంకమట్టి కోసం మనవాళ్లు ద్వారకాతిరుమల వైపు నిక్షేపాల దాకా వెళ్లొచ్చు, లేదా గుజరాత్, రాజస్థాన్ల నుంచి తెప్పించుకోవచ్చు. పలమనేరు, మదనపల్లె దగ్గరి సీటీఎం (చిన్నతిప్పసముద్రం) టెర్రకోట మాత్రం ఆ ప్రాంతపు మట్టిని దాని హద్దులోనే ఉంచి పేరు తెచ్చుకుంది. తొట్లు, గంటలు, బొమ్మలు, గోడ పలకలకు 15 శాతం నీరు పీల్చినా నష్టం లేదు. మొదటి పక్షానికి న్యాయం చేసేది ఇలాంటి ఉదాహరణలే. మట్టిని మార్చకూడదనుకుంటే చేసే వస్తువును మార్చుకోవాలి.

ఎవరి మట్టి

చట్టం ప్రకారం మామూలు మట్టి చిన్నతరహా ఖనిజం. 1957 నాటి గనులు, ఖనిజాల చట్టం దాని మీద నిబంధనలు చేసే అధికారాన్ని రాష్ట్రాలకు ఇచ్చింది. పర్యావరణ అనుమతుల విషయంలో 2016 జనవరి 15న కేంద్రం ఇచ్చిన నోటిఫికేషన్ కొన్ని పనులకు మినహాయింపు ఇచ్చింది. ఆ జాబితాలో మొదటిదే కుమ్మరులు. తమ ఆచారం ప్రకారం కుండలు, దీపాలు, బొమ్మల కోసం మామూలు మట్టిని చేత్తో తవ్వుకుంటే పర్యావరణ అనుమతి అక్కర్లేదు. 2020 మార్చిలో ఈ జాబితాను మార్చి, రోడ్లు, పైపులైన్ల లాంటి పనులకు మట్టి తవ్వడాన్నీ చేర్చారు. 2024 మార్చిలో సుప్రీంకోర్టు కొట్టేసింది ఆ చేర్పునే. మట్టి మినహాయింపు రద్దయిందని అప్పట్లో కొందరు కంగారుపడ్డారు కానీ కుమ్మరుల అంశం వేరు, ఆ తీర్పు దాని జోలికి పోలేదు.

మినహాయింపు ఉన్నా మట్టి దొరకడం వేరే కథ. చెరువు నీటిపారుదల శాఖదో పంచాయతీదో అయి ఉంటుంది, శిఖం భూములు (చెరువు నీరు నిలిచే భూములు) చాలాచోట్ల ఆక్రమణలో ఉన్నాయి, మిగిలినచోట ఇటుక బట్టీల జేసీబీలు ముందే వచ్చి ఉంటాయి. మంచి బంక పొర సాధారణంగా పలుచగానే ఉంటుంది, జేసీబీ బకెట్టుకు పై ఒండ్రూ అడుగు ఇసుకా తేడా తెలియదు, అన్నీ కలిపి ఎత్తేస్తుంది. చాలా ఊళ్లలో కుమ్మరులు ఒకప్పుడు గంపతో తెచ్చుకున్న మట్టినే ఇప్పుడు ట్రాక్టరు లోడు లెక్కన కొంటున్నారు.

సరదాకు బకెట్ మట్టి తెచ్చుకునేవాళ్లు కుమ్మరుల మినహాయింపు కిందికి రారు, ఆచారం అనే మాట వాళ్లకు అతకదు. బకెట్టుకెవరూ కేసు పెట్టరన్నది వాస్తవమే. అయినా తవ్వే ముందు ఊళ్లో అడిగితే రెండు పనులవుతాయి: అనుమతి దొరుకుతుంది, ఏ మూల మట్టి పగలదో చెప్పే మనిషీ దొరుకుతాడు.